తోలు సీట్లు లేని రేంజ్ రోవర్

సినిమావాళ్ల ఇళ్ల ముందూ, నాయకుల కాన్వాయ్‌లలోనూ కనిపించే బండి కాబట్టి రేంజ్ రోవర్ గురించి మన దగ్గర కబుర్లకు కొదవ లేదు. వాటిలో చాలావరకు ఇప్పటి బండిని చూసి దాని గతాన్ని ఊహించుకున్నవే.

అపోహ: దీన్ని మొదటి నుంచీ శ్రీమంతుల కోసమే తయారుచేశారు.

వాస్తవం: 1970 జూన్‌లో బ్రిటన్‌లో విడుదలైన తొలి రేంజ్ రోవర్‌కు తోలు సీట్లు లేవు, ఏసీ లేదు, ఆటోమేటిక్ గేర్లు లేవు, పవర్ స్టీరింగ్ కూడా లేదు. సీట్లకు వినైల్, డాష్‌బోర్డుకు ప్లాస్టిక్. లోపల బురదైతే నీళ్లు కొట్టి కడిగేసుకోవచ్చు. తలుపులు రెండే కాబట్టి వెనక కూర్చునేవాళ్లు ముందు సీటు వంచి దూరాల్సిందే. స్విట్జర్లాండ్‌కు చెందిన మోంటెవెర్డి సంస్థ ఇదే బండికి నాలుగు తలుపులు పెట్టి అమ్మాక గానీ, 1981లో, అసలు కంపెనీ ఆ పని చేయలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆ మరుసటి ఏడాది వచ్చింది.

మరి అందులో అంత కొత్తదనం ఏమిటి? అది కంటికి కనిపించని చోట ఉంది. అదే కంపెనీ తయారుచేసే అప్పటి ల్యాండ్ రోవర్ బండి మన లారీల్లాగే కమాన్ కట్టల మీద నడిచేది. గతుకుల్లో నడుములు విరిగేవి. స్పెన్ కింగ్, గోర్డన్ బాష్‌ఫర్డ్ అనే ఇంజినీర్లు రేంజ్ రోవర్‌లో వాటి బదులు బాగా కిందికీ పైకీ ఆడే కాయిల్ స్ప్రింగులు పెట్టారు. అమెరికా కంపెనీ బ్యూయిక్ నుంచి వచ్చిన 3.5 లీటర్ల అల్యూమినియం వీ8 ఇంజిన్ శక్తి ఎప్పుడూ నాలుగు చక్రాలకూ అందేది. నాలుగింటికీ డిస్క్ బ్రేకులే. పొలంలో తిరిగిన బండిలోనే హైవే ఎక్కి హాయిగా పోవచ్చు. హంగులన్నీ కొనేవాళ్ల ముచ్చట కొద్దీ తర్వాత చేరాయి. ఆ ముచ్చట కింగ్‌కు నచ్చలేదు. పిల్లల్ని బడిలో దింపడానికి ఊళ్లో ఇలాంటి బండ్లు తిప్పడం శుద్ధ తెలివితక్కువతనమని 2004లో కుండబద్దలు కొట్టాడు. ఆయన మాట ఎవరు విన్నారు కనుక!

అపోహ: ప్రపంచంలో తొలి లగ్జరీ ఎస్‌యూవీ ఇదే.

వాస్తవం: 1966లోనే అమెరికాలో జీప్ సూపర్ వాగనీర్ వీ8 ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు, పవర్ స్టీరింగ్, ఏసీలతో వచ్చింది. విలాసం సంగతే అయితే ఆ పేరు జీప్‌కే చెల్లుతుంది.

అపోహ: ఎలాంటి దారిలోనైనా ఆగదు.

వాస్తవం: 1971-72లో రెండు రేంజ్ రోవర్లు ఉత్తర, దక్షిణ అమెరికాలను ఆ చివరి నుంచి ఈ చివరికి దాటే బ్రిటిష్ యాత్రకు వెళ్లాయి. పనామా, కొలంబియాల మధ్య దారిలేని డేరియన్ చిత్తడి అడవిలో, మోయలేని బరువుకు లావుపాటి టైర్లు తోడై వాటి డిఫరెన్షియల్స్ విరిగిపోయాయి. బాగుచేసుకుని అడవి దాటారనుకోండి. 1979లో జరిగిన తొలి పారిస్-డకార్ ర్యాలీలో కార్ల విభాగాన్ని గెలిచిందీ రేంజ్ రోవరే.

అపోహ: టాటాల చేతికొచ్చాక నాసిరకమైంది.

వాస్తవం: 2008లో ఫోర్డ్ నుంచి జాగ్వార్‌తో కలిపి ల్యాండ్ రోవర్ కంపెనీని 230 కోట్ల డాలర్లకు టాటా మోటార్స్ కొన్నాక కూడా డిజైన్, ఇంజినీరింగ్ బ్రిటన్‌లోనే సాగుతున్నాయి. పూర్తి అల్యూమినియం బాడీతో, పాతదానికన్నా 420 కిలోల వరకు తేలికైన మోడల్ వచ్చింది 2012లో, అంటే టాటాల హయాంలోనే. అలాగని ఇది పూర్తిగా మన బండీ కాదు. 2024 నుంచి పుణేలో రేంజ్ రోవర్, రేంజ్ రోవర్ స్పోర్ట్‌లను బిగిస్తున్నారు గానీ, విడిభాగాలు బయటి నుంచే వస్తాయి. సుంకం తగ్గడంతో ధర లక్షల మేర దిగింది గానీ, ఇంకా కోట్లలోనే ఉంది.