నోరెత్తని తప్పు

మందు కొట్టే డ్రోన్ సెకనుకు 653.86 మీటర్ల వేగంతో పైకి లేచిందని, దాని లాగ్ నుంచి పట్టికగా తీసిన సీఎస్‌వీ ఫైలు చెబుతోంది. ధ్వని వేగానికి దాదాపు రెండింతలు! గోపాల్‌పేటలో వరి మడి మీద తిరిగిన యంత్రం అది. నిజానికి ఆ క్షణాన సెకనుకు మీటరున్నర చొప్పున మెల్లగా కిందికి దిగుతోంది.

వనపర్తి, గోపాల్‌పేట చుట్టుపక్కల డ్రోన్లు బాగు చేయడం నా పని. ఎక్కడ మందు పడింది, ఎక్కడ పడలేదు అని పేచీ వస్తే, డ్రోన్ ఎగిరిన తీరును నమోదు చేసే లాగ్ తీసి చూపించేదీ నేనే. ఎకరానికింత అని కూలి లెక్కగట్టేది, తగువు తేల్చేది ఆ లాగే. అందుకే దాని లోపలి సంగతి ప్రోగ్రామర్లకే వదిలేయకుండా రైతులకూ తెలియాలంటాను.

ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే డ్రోన్ ఎగిరినంతసేపూ మెమరీ కార్డులో బైట్లు రాస్తూ పోతుంది. ప్రతి నమోదూ 163, 149 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. ఏ నమోదులో ఏ విలువ ఏ రకానిదో ఫైలు తనే అక్షరాల్లో చెప్పుకుంటుంది. స్మాల్ హెచ్ అంటే ప్లస్ మైనస్ గుర్తు ఉన్న 16 బిట్ల సంఖ్య. క్యాపిటల్ హెచ్ అంటే గుర్తు లేనిది. లేచే వేగం సెకనుకు ఇన్ని సెంటీమీటర్లని, స్మాల్ హెచ్‌గా ఉంటుంది. దిగేటప్పుడు అది మైనస్‌లోకి పోతుంది. మైనస్ 150ని దాచే బిట్లనే గుర్తు లేకుండా చదివితే 65,386 వస్తుంది. ఈ బైట్లను సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేసే ప్రోగ్రాములోని పట్టికలో రెండు హెచ్‌లకూ ఒకే అర్థం రాసి ఉంది. అదీ జబ్బు.

ఇందులో మనకు కొత్తేమీ లేదు. పాసుబుక్కులో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకెను దశాంశంగా చదివినవాడికి మూడో వంతు ఎకరం దాకా తగ్గిపోతుంది. ఎక్సెల్ దాన్ని 2.2 చేసి చూపిస్తే, గుంటల్లో చదివేవాడికి రెండెకరాల రెండు గుంటలే మిగులుతుంది. అంకె ఎంత ముఖ్యమో, దాన్ని ఏ లెక్కన చదవాలన్నదీ అంత ముఖ్యం.

హెచ్ తప్పు కంట్లో పడేదే. అక్షరం సరిదిద్దితే పోయింది. నన్ను కలవరపెట్టింది అదే ప్రోగ్రాములోని రెండో తప్పు.

"తమ్మీ, తూర్పు గట్టు పొంటి మందు పడలే" అన్నాడు ఆ మడి రైతు. "లాగ్ తీస్త కాకా, చూద్దాం" అన్నాను. సీఎస్‌వీని మ్యాపు మీద పెడితే డ్రోన్ గట్టు దాకా పోయినట్టే ఉంది. కానీ తిన్నగా ఉండాల్సిన గీతలు మెట్లు మెట్లుగా విరిగాయి. ఆ డ్రోన్‌కు సెంటీమీటర్ల తేడాతో చోటు పట్టే ఆర్‌టీకే ఉంది, అలా విరగకూడదు.

లాగ్‌లో రేఖాంశాన్ని కోటితో గుణించి 32 బిట్ల పూర్ణాంకంగా దాస్తారు. అందులో ఒక్క అంకె తేడా అంటే నేల మీద దాదాపు ఒక సెంటీమీటరు. ప్రోగ్రాము దాన్ని ఫ్లోట్ అనే 32 బిట్ల దశాంశంలోకి మార్చింది. ఫ్లోట్‌లో నమ్మదగ్గవి ఏడంకెలే. మన 78 డిగ్రీల దగ్గర దాని ఒక్కో మెట్టు 81 సెంటీమీటర్లు. అక్షాంశం 16 డిగ్రీలే కాబట్టి ఉత్తర దక్షిణాల్లో మెట్టు 21 సెంటీమీటర్లే ఉంటుంది. గీతలు తూర్పు పడమరల దిశలోనే ఎక్కువ చెడ్డాయంటే కారణం ఇదే. పూర్ణాంకాన్ని చివరిదాకా పూర్ణాంకంగానే ఉంచి, రాసేటప్పుడు మాత్రం దశాంశ బిందువు పెట్టేలా మార్చాను. చివరి వరస ఒక జానెడుకు పైగా ఇవతలికి జరిగింది. కాకా మాటే నిజం. ఆ అంచు వెంట మళ్లీ మందు కొట్టించాం.

653 మీటర్ల వేగాన్ని ఎవరూ నమ్మరు, కనుక దాంతో ప్రమాదం తక్కువ. జానెడు తేడాను అందరూ నమ్ముతారు. కాగితం మీద కంప్యూటర్ అచ్చువేసిన గీత ముందు రైతు కళ్లతో చూసింది తేలిపోతుంది. నాకు కోపం తెప్పించేది ఇదే.

రకం మార్పిడిలో ఏమరుపాటు ఎంతదాకా పోతుందో ఏరియన్ 5 చూపించింది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి తొలిసారి లేచిన ఆ రాకెట్‌లో, అడ్డంగా కదిలే వేగానికి సంబంధించిన 64 బిట్ల దశాంశాన్ని గుర్తు ఉన్న 16 బిట్లలోకి కుక్కబోయారు. అందులో పట్టేది 32,767 వరకే. ఏరియన్ 4లో ఏ ఇబ్బందీ పెట్టని కోడే అది, కొత్త రాకెట్ వేగానికి చాలలేదు. దిశ చెప్పే కంప్యూటర్లు ఆగిపోయి, 40 సెకన్లలోపే రాకెట్ ముక్కలైంది.

ఇప్పుడు ఎక్స్‌పోర్ట్ ప్రోగ్రామును ముట్టుకున్నప్పుడల్లా ముందు ఒక చిన్న ఫైలు తయారుచేస్తాను. మైనస్ 1, సున్నా, మైనస్ 32,768, 32,767, ఊరి రేఖాంశం ఒకటి. వాటిని సీఎస్‌వీ చేసి, ఆ సీఎస్‌వీ నుంచి మళ్లీ బైట్లు కట్టి, మొదటి ఫైలుతో బైటుకు బైటు పోలుస్తాను. ఒక్కటి తేడా వచ్చినా ఆ ప్రోగ్రాముతో ఎవరి లెక్కా తీయను. పేచీ ఉన్న రైతుకు సీఎస్‌వీ ఒక్కటే కాకుండా కార్డులోని అసలు బిన్ ఫైలు కూడా ఇస్తున్నాను, కావాలంటే మరొకరితో చదివించుకోవచ్చు.