కంచే చేను మేస్తే

శరీరమనే చేనుకు వ్యాధి నిరోధక వ్యవస్థ కంచె వంటిది. ఒకసారి చొరబడిన శత్రువును అది గుర్తుంచుకొని, మరల వచ్చినప్పుడు వెంటనే ఎదుర్కొంటుంది. టీకాలకు ఆధారమిదే. అయితే ఈ జ్ఞాపకమే ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమవుతుంది.

1902లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పోర్టియే, రిషే సీ అనిమోన్ అనే సముద్రజీవి విషాన్ని స్వల్పంగా కుక్కలకు ఎక్కించారు. తొలిసారి తట్టుకొన్న కుక్క, మూడు వారాల పిమ్మట అంతే మోతాదుకు అరగంటలోపే మరణించింది. రక్షణ పెరుగుతుందనుకొంటే ప్రమాదం పెరిగింది! ఈ స్థితికే ఎనాఫిలాక్సిస్ అని పేరు. దీనిపై చేసిన కృషికి రిషే 1913లో నోబెల్ బహుమతి పొందాడు.

ఇట్టి అతిసున్నిత చర్యలను 1963లో జెల్, కూంబ్స్ నాలుగు రకాలుగా విభజించారు. మొదటి రకంలో హిస్టమిన్ వంటి రసాయనాలు వెలువడి, నిమిషాల్లో దద్దుర్లు, ఆయాసం కలుగుతాయి. రెండవదానిలో ప్రతిరక్షకాలు కణాలనే నశింపజేస్తాయి. గ్రూపు కలియని రక్తం ఎక్కించినప్పుడు జరిగేదిదే. మూడవదానిలో ప్రతిజనకాలు, ప్రతిరక్షకాలు పెనవేసుకొని కీళ్లలో, మూత్రపిండాల్లో పేరుకొని వాపు కలిగిస్తాయి. నాలుగవది టి-కణాల పని. రెండు మూడు రోజులకు గాని పూర్తిగా బయటపడదు. క్షయ కోసం చేసే మాంటూ పరీక్షలో చేతిపై లేచే గట్టి వాపు ఇందుకు నిదర్శనం.

కనుక ఏ మందైనా పడలేదని తెలిస్తే, దాని పేరు వ్రాసి ఉంచుకొని వైద్యునికి ముందుగా చెప్పాలి. శరీరం మరువనిదానిని మనమూ మరువరాదు.