కంటి నరం గడపలో కాల్షియం

ప్రత్తిపాడు నుంచి ఒక మిరప రైతు ఉత్తరం రాశారు. బీపీకి ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారట. వాళ్ల నాన్నగారికి నీటికాసులతో చూపు పోయింది. ఈ బిళ్లే కంటి నరాన్నీ కాపాడుతుందని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగారు. ఈ ప్రశ్న చూశాక నాకు చేయి ఆగలేదు.

కంటి వెనక పొరలో పది లక్షలకు పైగా గాంగ్లియాన్ కణాలు ఉంటాయి. వాటి పొడవాటి తోకలన్నీ కలిసి పేనిన తాడే కంటి నరం. నీటికాసుల్లో చచ్చేవి ఈ కణాలే, చచ్చినవి మళ్లీ పుట్టవు. ఇక అసలు కథ కాల్షియంది.

కణం లోపలికంటే బయట కాల్షియం దాదాపు పది వేల రెట్లు ఎక్కువ. సాగర్ కుడి కాలువ కింద సేద్యం చేసేవారికి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది: తూము కాసేపు ఎత్తితే చేను తడుస్తుంది, ఎత్తి వదిలేస్తే చేను మునుగుతుంది. కణానికీ అలాంటి తూములున్నాయి. కళ్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే కళ్లు భగ్గుమంటాయి కదా, అదీ ఒక తూము తెరుచుకోవడమే. మిరపలోని కాప్సైసిన్ నొప్పి నరం మీది తూమును ఎత్తగానే కాల్షియం లోపలికి దూకుతుంది. 1997లో దాన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్ 2021 నోబెల్ పంచుకున్నారు. మీ ఆమ్లోడిపిన్ కూడా కాల్షియం తూమును మూసే మందే, కానీ ఆ తూము వేరు, అది విద్యుత్ మార్పుకు తెరుచుకుంటుంది.

లోపలికొచ్చిన కాల్షియాన్ని తోడి పోయాలి. ఒక్కో కాల్షియం అయానును బయటికి నెట్టే పంపుకు, కణానికి ఇంధనమైన ఏటీపీ అణువు ఒక్కోటి ఖర్చు. ఆ ఏటీపీని 1929లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి వెలికితీసినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు! కంటి పీడనం నరాన్ని నొక్కి, రక్తం తగ్గితే ఏటీపీ తగ్గుతుంది. పంపు నీరసిస్తుంది, కాల్షియం పేరుకుంటుంది. అప్పుడు కాల్పైన్ అనే ఎంజైము నిద్రలేచి కణం వాసాలనే కోసేస్తుంది. తూము మూస్తే ఇదంతా ఆగదా? ఎంత అందమైన ఆలోచన!

ఈ అందమే చాలామందిని తప్పుదారి పట్టించింది. నీటికాసుల కళ్లలో గ్లుటమేట్ అనే రసాయనం పెరిగి తూములు తెరుస్తోందని 1996లో ఒక బృందం ప్రకటించింది. తర్వాత వెతికినవారికి అది దొరకలేదు. గ్లుటమేట్ తెరిచే తూమును మూసే మెమాంటిన్‌ను రెండు వేల మందికి పైగా రోగులకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితం నిరాశే.

ఆమ్లోడిపిన్ జాతికే చెందిన నిల్వాడిపిన్ మాత్రం 2008లో జపాన్‌లో జరిగిన చిన్న పరీక్షలో చూపు తరుగుదలను నెమ్మదింపజేసింది. కానీ 2023లో బ్రిటన్‌లో నాలుగు లక్షల మందికి పైగా వివరాలు తిరగేస్తే, ఈ జాతి బిళ్లలు వేసుకునేవారిలో నీటికాసులు కాస్త ఎక్కువగానే కనిపించాయి. కారణం బిళ్లేనని అది తేల్చలేదు. బీపీ మరీ పడిపోతే కంటి నరానికి రక్తం తగ్గుతుందన్నది మాత్రం డాక్టర్లకు ఎప్పటినుంచో ఉన్న భయం.

కాబట్టి అయ్యా, బీపీ బిళ్ల బీపీకే. సొంతంగా మానొద్దు, కంటి కోసమని పెంచొద్దు. ఇంత శాస్త్రం నడిచినా చూపును నిలబెట్టేది ఇప్పటికీ పీడనం తగ్గించే చుక్కల మందులు, లేజరు, ఆపరేషనే. నాకది కొరతగానే ఉంది. మీ నాన్నగారికి నీటికాసులు వచ్చాయి కనుక ఈ పంట కోతలు అయ్యేదాకా ఆగకుండా కంటి పీడనం, నరం రెండూ చూపించుకోండి.