మక్కికి మక్కి: హార్డ్‌డిస్కు ప్రతికృతి – తెలుగు పరిశోధకుని అవసరం

సిద్ధాంతవ్యాసాల చిత్తుప్రతులు, క్షేత్రపర్యటనల్లో సేకరించిన గేయాల ధ్వనిముద్రణలు, తాళపత్రాల ఛాయాచిత్రాలు చేరి 500 జీబీ డిస్కు నిండిన తరువాత పరిశోధకుడు సాధారణంగా ఒక పెద్ద డిస్కు కొని, కనిపించిన ఫోల్డర్లన్నింటినీ దానిలోకి కాపీ చేస్తాడు. ఈ పద్ధతిలో ఫైళ్లు వస్తాయి గాని, అవి తెరుచుకొనే పరిసరం రాదు.

తెలుగు విషయంలో ఈ భేదం చిన్నది కాదు. యూనికోడ్ తొలి రూపంలోనే, అంటే 1991లోనే, తెలుగు లిపికి స్థానం లభించింది. అయినా డీటీపీ రంగంలో అను ఫాంట్లు, పేజ్‌మేకర్ చాలాకాలం రాజ్యమేలాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరఖండాలు రోమన్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన సంకేతస్థానాల్లో ఉంటాయి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలును తెరిస్తే పద్యం ఉండవలసిన చోట అర్థంలేని గుర్తుల వరుస ప్రత్యక్షమవుతుంది. పాఠం నశించలేదు, చదివే సాధనం లోపించింది. సమర్పణ గడువు దగ్గరపడిన పరిశోధకునికి ఈ రెంటికీ పెద్ద తేడా కనిపించదు. అందుకే ఫాంట్లు, కీబోర్డు అమరిక, పాత సాఫ్ట్‌వేరు, ఆపరేటింగ్ సిస్టం సహా డిస్కు మొత్తాన్ని యథాతథంగా దింపుకోవలసి వస్తుంది. దీనినే క్లోనింగ్ అంటారు.

మాతృకలో ఈగ అంటుకొని ఉన్నచోట తన ప్రతిలోనూ ఒక ఈగను అంటించిన లేఖకుని కథ ‘మక్కికి మక్కి’ అన్న మాట వెనుక ప్రచారంలో ఉంది. గ్రంథపరిష్కర్తకు అది దోషం. క్లోనింగ్‌కు అదే గుణం. అయితే మాతృకలోని వైరస్ సైతం ప్రతిలోకి దిగుతుందని గుర్తించాలి.

క్లోనెజిల్లా వంటి ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో ఉంచి, దానితోనే కంప్యూటరును ప్రారంభించి ఈ పని చేయవచ్చు. మూలడిస్కు ఏది, లక్ష్యడిస్కు ఏది అన్న ఎంపిక దగ్గరే అసలు ప్రమాదం. లక్ష్యడిస్కులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. దిశ తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. ఏళ్ల శ్రమ పోతుంది. కాబట్టి డిస్కులను వాటి మోడల్ సంఖ్య, పరిమాణాలనుబట్టి పోల్చుకోవాలి. మూలడిస్కు అప్పటికే చెడిపోతూ ఉంటే డీడీరెస్క్యూ మేలు. అది సులభంగా చదవగలిగిన భాగాలను ముందు దింపి, మొండికేసిన భాగాల వద్దకు తరువాత వస్తుంది.

సెకనుకు 100 ఎంబీ వేగంతో 1 టీబీ దిగడానికి సుమారు 3 గంటలు పడుతుంది. పాత యూఎస్‌బీ 2.0 మార్గంలో దాదాపు 8 గంటలు కావచ్చు.

పని ముగిశాక 2 టీబీ డిస్కు కూడా 500 జీబీ డిస్కులాగే కనిపించి కొందరిని కలవరపెడుతుంది. విభాగాల కొలతలు సైతం యథాతథంగా దిగడమే ఇందుకు కారణం. మిగిలిన స్థలం ఎవరికీ కేటాయించని బంజరువలె చివర ఉంటుంది. విభాగాన్ని అందులోకి విస్తరించాలి. మధ్యలో విండోస్ రికవరీ విభాగం అడ్డుగా ఉంటే విండోస్ సొంత సాధనం విస్తరణకు అంగీకరించదు. జీపార్టెడ్ వంటి దానితో ఆ విభాగాన్ని చివరకు జరపాలి. పాత ఎంబీఆర్ పట్టిక సాధారణంగా 2 టీబీకి మించిన స్థలాన్ని గుర్తించలేదు గనుక అంతకంటె పెద్ద డిస్కుకు జీపీటీ పట్టిక అవసరం. 1 టీబీ డిస్కును విండోస్ 931 జీబీగా చూపడం మాత్రం లోపం కాదు. తయారీదారు వేయితో లెక్కిస్తాడు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

మూలాన్నీ ప్రతినీ ఒకేసారి తగిలిస్తే రెంటి గుర్తింపు సంఖ్యా ఒకటే కావడంవల్ల విండోస్ ఒకదానిని పక్కన పెట్టవచ్చు. విండోస్ యూఎస్‌బీ డిస్కునుండి సాధారణంగా ప్రారంభం కాదు. కనుక కంప్యూటరును ఆపి, మూలడిస్కును తీసి, ఆ స్థానంలో ప్రతిని అమర్చి చూడాలి. తెర వెలిగిన తరువాత ఒక పాత అను ఫైలు తెరిచి, అందులోని ఒత్తులూ సంయుక్తాక్షరాలూ చెదరకుండా ఉన్నవో లేదో పరిశీలించాలి.