కంప్యూటరు తెరపై బొమ్మ చెడినప్పుడు

విడిభాగములు కొని కూర్చుకొన్న కంప్యూటర్లు నేడు ఇండ్లలోను, పాఠశాలలలోను కనబడుచున్నవి. 1981లో ఐ.బి.యం. సంస్థ వెలువరించిన పర్సనల్ కంప్యూటరు నిర్మాణము ఇతరులు అనుసరించుటకు వీలుగా నుండెను. అందుచేత ఒకరు చేసిన పెట్టెలో వేరొకరు చేసిన భాగమును బిగించుట సాధ్యమైనది. ఇట్టి భాగముల అమ్మకమునకు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరుపొందినది. మెదక్ పట్టణమునకు హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్ల దూరము.

కంపెనీ అమ్మెడి పూర్తి కంప్యూటరులో భాగములు ఒకదానితో నొకటి పొసగునట్లు కంపెనీయే చూచును. కూర్చుకొన్నదానిలో ఆ బాధ్యత కూర్చినవారిది. మానిటరు మంచిదే, గ్రాఫిక్స్ కార్డు మంచిదే, కేబులు మంచిదే. అయినను తెరపై బొమ్మ రాకపోవచ్చును. అప్పుడు పెట్టెను బస్సులో వేసికొని నగరమునకు పోయినచో ఒక దినము, కొంత ధనము ఖర్చగును. విద్యార్థి పరీక్షకు దరఖాస్తు పంపవలసిన గడువు ఆనాడే అయినచో నష్టము ఇంకను హెచ్చు. ఇట్టి దోషములలో పెక్కింటిని క్రమముగా ఆలోచించి పాఠశాలలోనే కనుగొనవచ్చును.

బొమ్మ ఎట్లు ఏర్పడును?

1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిలో రంగుటద్దముల కిటికీలు ప్రసిద్ధములు. పగటివేళ లోపల నిలిచి చూచినవారికి వానిపైని బొమ్మలు వెలుగుచు కనబడును. వెలుపలి సూర్యకాంతి అద్దములగుండా వచ్చుటయే దీనికి కారణము. ప్రొద్దు క్రుంకిన పిదప అద్దములు చెక్కుచెదరక ఉన్నను లోపలివారికి బొమ్మ కనబడదు.

ఎల్.సి.డి. మానిటరు కూడ ఇట్టి కిటికీయే. దాని వెనుక దీపమును, ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల వడపోతలును ఉండును. నడుమ ద్రవస్ఫటికము అను పదార్థము పలుచని పొరగా ఉండును. ఇట్టి పదార్థపు వింతగుణమును 1888లో ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిఖ్ రైనిట్జర్ గమనించెను. విద్యుత్తు ప్రయోగించినప్పుడు ద్రవస్ఫటికపు అణువుల అమరిక మారి, ఒక్కొక్క చుక్క వద్ద ఎంత కాంతి బయటికి రావలెనో నిర్ణయమగును.

సాధారణమైన ఫుల్ హెచ్.డి. తెరలో అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉండును. అనగా మొత్తము 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును తెల్పుటకు 24 బిట్లు కావలెను. బొమ్మ సెకండుకు 60 మార్లు క్రొత్తగా వ్రాయబడును. ఈ మూడు సంఖ్యలను గుణించినచో, చుక్కల రంగులను తెల్పుటకే కేబులు సెకండుకు 298 కోట్లకు పైగా బిట్లను మోయవలెనని తేలును. ఇంత సమాచారమును పంపువారికిని, అందుకొనువారికిని మధ్య ముందుగా ఒప్పందము లేనిచో పని జరుగదు.

ఆ ఒప్పందము ఇట్లు జరుగును. మానిటరులోని చిన్న జ్ఞాపకభాగములో దాని తయారీదారు పేరు, అది చూపగల చుక్కల సంఖ్య, పౌనఃపున్యము మొదలగు వివరములు వ్రాయబడి ఉండును. దీనిని ఇ.డి.ఐ.డి. అందురు. దీని మూలభాగము కేవలము 128 బైట్లు. కంప్యూటరు కేబులులోని ప్రత్యేకమైన తీగలద్వారా దీనిని చదివి, తగిన బొమ్మను పంపును. ఆ తీగ తెగినచో, కేబులు వదులైనచో, కంప్యూటరునకు ఎదుటివాని శక్తి తెలియక 1024×768 వంటి తక్కువ కొలతను ఎంచుకొనును.

దోషము ఎచ్చట?

మొదట మానిటరుకున్న బొత్తామును నొక్కి దాని సొంత మెనూను తెరిపింపవలెను. ఈ మెనూను కంప్యూటరు పంపదు, మానిటరే గీయును. కావున మెనూ స్పష్టముగా ఉండి బొమ్మ మాత్రమే చెడియున్నచో దోషము కంప్యూటరులోనో, కేబులులోనో, అమరికలోనో ఉన్నదని గ్రహింపవచ్చును. మెనూ కూడ చెడియున్నచో దోషము మానిటరుదే. మానిటరు దీపము వెలుగుచున్నను తెర నల్లగానే ఉన్నచో, చీకటిలో టార్చిలైటును ఏటవాలుగా వేసి చూడవలెను. మసకగా బొమ్మ కనబడినచో వెనుక దీపము పోయినదని అర్థము. అట్టిదానిని ఏ అమరికయు బాగుచేయజాలదు.

"నో సిగ్నల్" అని వచ్చినచో కేబులు ఎక్కడ గ్రుచ్చబడినదో చూడవలెను. కూర్చుకొన్న కంప్యూటర్లలో తరచుగా జరుగు పొరపాటు ఇది: గ్రాఫిక్స్ కార్డు ఉండగా కేబులును మదర్‌బోర్డు రంధ్రములో పెట్టుదురు. ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర "ఎఫ్" అను అక్షరమున్నచో అందులో బొమ్మగీయు భాగము పనిచేయదు. అట్టిచో మదర్‌బోర్డు రంధ్రమునుండి ఏమియు రాదు. మానిటరు మెనూలో వి.జి.ఎ., హెచ్.డి.ఎం.ఐ. అనువానిలో సరియైనది ఎంచబడినదా అనియు చూడవలెను. అప్పటికిని రానిచో, కరెంటు తీగను పూర్తిగా తీసివేసి, పెట్టె లోహమును చేతితో తాకి, ర్యామ్ పలకను తీసి గట్టిగా మరల అమర్చవలెను.

ఆరంభమున మదర్‌బోర్డు కంపెనీ గుర్తు కనబడి, విండోస్ వచ్చునప్పటికి తెర నల్లబడినచో, కేబులు పనిచేయుచున్నదని ఋజువైనట్లే. అప్పుడు డ్రైవరునో, అమరికనో అనుమానింపవలెను. "అవుట్ ఆఫ్ రేంజ్" అను మాట వచ్చినచో, మానిటరు శక్తికి మించిన కొలత గాని, పౌనఃపున్యము గాని ఎంచబడినదని తెలియవలెను. విండోస్‌లో కొలత మార్చినప్పుడు ఒప్పుకోలు అడుగును. బొమ్మ కనబడనిచో ఏ మీటయు నొక్కక 15 సెకండ్లు ఓపికపట్టిన పాత అమరిక తిరిగి వచ్చును. సేఫ్ మోడ్‌లో ఆరంభించి డ్రైవరును తొలగించుట మరియొక మార్గము.

తెలుగు అక్షరములు మసకబారుట

బొమ్మ వచ్చినంత మాత్రమున పని ముగియలేదు. 1920×1080 తెరపై 1280×720 కొలతను ఎంచినచో, పంపిన ఒక్కొక్క చుక్క తెరపై అడ్డముగా ఒకటిన్నర, నిలువుగా ఒకటిన్నర చుక్కల చోటును ఆక్రమింపవలెను. సగము చుక్క అనునది లేదు గనుక, మానిటరు ప్రక్క రంగులను కలిపి సరిపెట్టును. అంచులు మసకబారును. తెలుగు లిపికి ఇది మిక్కిలి హాని. ర, ఠ అను అక్షరములకు తేడా ఒక చుక్క. ద, ధ అనువానికి తేడా ఒక చిన్న గీత. కనుక కొలతను ఎల్లప్పుడును "రికమెండెడ్" అని చూపినదానియందే ఉంచవలెను. అక్షరములు చిన్నవైనచో కొలత తగ్గింపక, స్కేలు అను అమరికను 125 లేదా 150 శాతమునకు పెంచవలెను. అప్పుడు అక్షరమే ఎక్కువ చుక్కలతో క్రొత్తగా గీయబడును.

వి.జి.ఎ. కేబులులో ఎరుపు, ఆకుపచ్చ, నీలము వేర్వేరు తీగలలో పోవును. అందుచే తెలుపు ఉండవలసినచోట పసుపు కనబడినచో నీలము తీగ, ఎరుపునీలి మిశ్రమము కనబడినచో ఆకుపచ్చ తీగ, ఆకుపచ్చనీలి మిశ్రమము కనబడినచో ఎరుపు తీగ తెగినదని ఊహింపవచ్చును. కాంతి పాఠములోని పూరకవర్ణములకు ఇంతకంటె మంచి ఉదాహరణము తరగతిలో దొరకదు.

జాగ్రత్తలు

ఒక పర్యాయమునకు ఒక్క మార్పు మాత్రమే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో దేనివలన గుణము కలిగెనో తెలియదు. చేసిన ప్రతి మార్పును, దాని ఫలితమును పుస్తకములో వ్రాసికొనవలెను. అనుమానించిన కేబులును పనిచేయుచున్న వేరొక కంప్యూటరునకు తగిలించి చూచుట ఉత్తమమైన పరీక్ష.

పాతకాలపు గాజుబుడ్డి మానిటరును, కంప్యూటరులోని విద్యుత్ సరఫరా పెట్టెను ఎట్టి పరిస్థితిలోను విప్పరాదు. కరెంటు తీసివేసిన తరువాత కూడ వానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండవచ్చును. ఆ రెండింటి దోషములను తెలిసినవారికే విడువవలెను. తక్కినవానిని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు స్వయముగా పరీక్షించినచో, కంప్యూటరుతోపాటు కాంతిశాస్త్రమును, విద్యుచ్ఛాస్త్రమును కూడ కొంత నేర్చుకొందురు.