ఓడెడి జట్టును విడువని ఊరు

గెలిచినవానికి చుట్టములు పెక్కురు. ఇది మన పెద్దలు చెప్పిన మాటయే. మీరును లోకములో చూచిన సంగతియే. గెలుపు వెంట నడచువాని నడత మనకు వింతగా తోపదు. కాని యేటేట నోడుచున్న పక్షమును పట్టుకొని, తన ధనమును, కాలమును, గొంతును దానికొఱకు వెచ్చించి, మఱుసటియేడును ఆ పీటమీదనే కూర్చుండువానిని చూచినపుడు, ఇతనికి కలిగిన లాభమేమి యను ప్రశ్న పుట్టక మానదు. నేడు విన్నవింపదలచినది ఆ ప్రశ్నను గూర్చియే. ఒక్క మెతుకు పట్టి చూచినచో కుండలోని యన్నము సంగతి తెలియునని స్థాలీపులాకన్యాయము. కావున అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు పడమటి కొసను, ఈరీ సరస్సు నొడ్డున నున్న బఫెలో నగరమును, ఆ నగరపు మంచుహాకీ జట్టును ఉదాహరణముగా గైకొందును. ఆ జట్టు పేరు సేబర్స్. ఆ మాటకు వంపుకత్తులని యర్థము.

ముందుగా ఆట స్వరూపము చెప్పవలెను. మన పాఠశాలలలోని హాకీ మైదానముపై నాడునది. మంచుహాకీ యన్ననో, పెద్ద మందిరములో యంత్రములచే నీటిని గడ్డకట్టించి చేసిన నేలపై నాడునది. ఆ నేల పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. ఆటగాండ్రు ఉక్కు అంచులు బిగించిన జోళ్ళు తొడిగి, మంచుపై జారుచు పరుగెత్తుదురు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ యుండును. దానిని వంపుకఱ్ఱతో కొట్టి ఎదుటివారి గోలులోనికి పంపవలెను. గోలు కాచువానితో కలిపి పక్షమునకు ఆఱుగురు ఒక్కసారి మంచుపై నుందురు. ఆట 20 నిమిషముల చొప్పున మూడు భాగములు. సమానముగా ముగిసినచో అదనపు కాలము నాడుదురు.

ఈ యాట కంతటికి పెద్ద సంస్థ నేషనల్ హాకీ లీగు. 1917లో కెనడాదేశపు మాంట్రియలు నగరమున పుట్టినది. 2021 నుండి దానిలో 32 జట్లు కలవు. 2024-25 ఆటకాలములో ఒక్కొక్క జట్టు 82 ఆటలాడెను. అందు 41 సొంతయూర, తక్కినవి పరాయియూళ్ళ. గెలిచినచో 2 పాయింట్లు, అదనపు కాలములో నోడినచో 1 పాయింటు. ఏప్రిలు మాసమున లెక్కలు చూచి, 32 జట్లలో 16 జట్లను తుదిపోటీలకు ఎన్నుకొందురు. ఆ పోటీలలో కడపట గెలిచినవారికి స్టాన్లీ కప్పు దక్కును. అది 1892లో కెనడా గవర్నరు జనరలుగా నుండిన లార్డు స్టాన్లీ యిచ్చిన వెండిపాత్రతో మొదలైన బహుమానము. సగము జట్లకు తుదిపోటీలలో చోటు కలదన్న మాట మనసున నుంచుకొనుడు. ఏలయన బఫెలో జట్టు 2011-12 మొదలుకొని 2024-25 వఱకు, వరుసగా 14 ఆటకాలములు, ఆ సగములోనికి చేరజాలకపోయెను. ఆ లీగు చరిత్రలో మఱి యే జట్టును అంతకాలము వెలుపల నుండలేదు.

ఇక నగరము సంగతి. 1825లో ఈరీ కాలువ పూర్తియైనది మొదలు, పడమటి మైదానముల గోధుమ బఫెలో రేవున దిగి తూర్పునకు పోవుచుండెను. ఆవిరియంత్రముచే ధాన్యము నెత్తి నిలువచేయు గాదె 1842లో అచ్చటనే వెలసెను. పిమ్మట ఉక్కు కర్మాగారములు వచ్చెను. 1950లో జనసంఖ్య 5 లక్షల 80 వేలు. 1959లో సెయింట్ లారెన్సు జలమార్గము తెఱవబడగా, సరకుల ఓడలు బఫెలోలో నాగకయే సముద్రమునకు పోజొచ్చెను. 1983లో పొరుగున లాకవానాలోని ఉక్కు కర్మాగారము చాలభాగము మూతపడెను. 2020 నాటికి జనసంఖ్య 2 లక్షల 78 వేలు. చదివిన బిడ్డలు పనికొఱకు ఊరు విడిచిపోవుటయు, ముసలివారు పెద్ద యిండ్లలో ఒంటిగా మిగులుటయు ఎట్టివో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఇట్టి యూరికి, వలసపోయినవారికిని ఉన్నవారికిని నడుమ తెగక నిలిచిన నూలుపోగులలో నొకటి యీ జట్టు.

జట్టు 1970లో పుట్టెను. అదే యేట వాంకూవరు జట్టును పుట్టినది. ఆ యేటి యువకులలో మేటియైన గిల్బర్టు పెరోను ఎవరు ముందు కోరుకొనవలెనని తగవు రాగా, అంకెల చక్రమును త్రిప్పిరి. చిన్న అంకెలు వాంకూవరువి, పెద్ద అంకెలు బఫెలోవి. లీగు అధ్యక్షుడు 1 పడినదనుకొని వాంకూవరు పేరు చెప్పెను. బఫెలో శిక్షకుడు పంచ్ ఇమ్లాక్ మరల చూడుడని కోరెను. చూడగా అది 1 కాదు, 11. పెరో బఫెలోకు వచ్చి, 11వ సంఖ్యగల చొక్కాయే ధరించెను. పుట్టుకతోనే వచ్చిన యదృష్టము గదా యిది యని జనులు మురిసిరి.

ఐదేండ్లకే, 1975లో, జట్టు కడపటి పోటీకి చేరెను. మే 20వ నాటి యాట చిత్రమైనది. ఆ మందిరమున గాలిని చల్లబఱచు యంత్రము లేదు. వెలుపలి వేడిగాలి మంచును తాకి పొగమంచు లేచి, గోలు కాచువారికి బిళ్ళయే కనబడకపోయెను. పలుమాఱు ఆట నాపి, ఆటగాండ్రు గుండ్రముగా తిరుగుచు గాలిని కదలింపవలసి వచ్చెను. అది చాలక గబ్బిల మొకటి లోపల నెగురుచుండగా, జిమ్ లోరెంట్సు అను ఆటగాడు కఱ్ఱతో కొట్టి దానిని పడవేసెను. ఆనాడు బఫెలో గెలిచెను. కాని కప్పు ఫిలడెల్ఫియావారి పాలయ్యెను.

మరల కడపటి పోటీకి చేరుటకు 24 ఏండ్లు పట్టెను. 1999 జూనులో, డల్లాసు జట్టుతో జరిగిన ఆఱవ యాట మూడవ యదనపు భాగము వఱకు సాగి, నడిరేయి దాటినది. అప్పుడు డల్లాసువాడైన బ్రెట్ హల్ గోలు కొట్టెను. అతని పాదము, బిళ్ళకంటె ముందుగా, గోలు కాచువాని గీతలోపల నుండెనని బఫెలోవారి వాదము. ఆనాటి నియమమున అది తప్పు. బిళ్ళ అతని వశములోనే యుండెను గనుక తప్పులేదని లీగువారి తీర్పు. ఆ నియమమునే లీగువారు మఱుసటి యాటకాలమునకు తీసివేసిరి. ఓడివచ్చిన జట్టును చూచుటకు నగరపు నడిబొడ్డున వేలజనులు గుమిగూడిరి. శిక్షకుడు లిండీ రఫ్ "అది గోలు కాదు" అని యెలుగెత్తగా జనమంతయు వంతపాడెను. ఓడిపోయిన నాడు ఊరేగింపునకు వచ్చువారిని లోకమున ఎందఱిని చూతుము?

పిదప కష్టములు వేఱురూపున వచ్చెను. యజమానుల కేబుల్ టెలివిజను సంస్థ 2002లో కూలిపోగా, 2003 జనవరిలో జట్టును దివాలా కెక్కెను. జట్టు ఊరినే విడుచునేమో యని జనులు భయపడిరి. క్రొత్త యజమాని దొరికెను. 2007లో సాధారణపోటీల లెక్కలో లీగంతటికి మొదటిదై నిలిచెను. ఆ యేటి జూలై 1వ తేదీననే, జట్టు నాయకులిద్దఱు, డానియెల్ బ్రియేరు, క్రిస్ డ్రూరీ, ఒక్కదినమున రెండూళ్ళకు వెడలిపోయిరి.

ఆ పిమ్మట వచ్చినవే నేను చెప్పిన 14 యేండ్లు. ఈ కాలమున అభిమాని సంవత్సర మెట్లు గడచునో వినుడు. అక్టోబరున అందఱికి సున్నయే గనుక ఆశ నిండుగా నుండును. డిసెంబరున సరస్సుమీది గాలికి మంచు మోకాలిలోతు పడినను, నీలము బంగారువన్నెల చొక్కా తొడిగి, పిల్లలను వెంటబెట్టుకొని ఆటకు పోవును. ఫిబ్రవరిలో కాగితముపై కూడికలు తీసివేతలు మొదలగును. మార్చిలో తనవారు గెలిచిన చాలదు, ఫలానా ముగ్గురు ఓడవలెనని లెక్క తేలును. ఏప్రిలున, పొరుగు నగరములు దీపములు పెట్టుకొనుచుండగా, ఇతని మందిరపు తలుపులు మూతపడును. 2018 నవంబరులో జట్టు వరుసగా 10 ఆటలు గెలిచి లీగులో మొదటికి వచ్చెను. ఏప్రిలు నాటికి తుదిపోటీలలో చోటు లేదు. 2021లో వరుసగా 18 ఆటలలో గెలుపన్నది లేదు. 2023లో ఒక్క పాయింటు తక్కువై చోటు తప్పెను. అన్నిటికంటె కఠినమైనది ఆ ఒక్క పాయింటే. దూరముగా నోడినవాడు నిద్రపోవును. గడపవఱకు వచ్చి తిరిగినవానికి నిద్ర పట్టదు.

ఇందులకంటె లోతైన పరీక్ష యొకటి 2015లో వచ్చెను. ఆ లీగున ఒక ధర్మము కలదు. యేటేట క్రొత్త యువకులను ఎన్నుకొనునపుడు, బలహీనపు జట్లకు ముందు అవకాశ మిత్తురు. అడుగున నున్న జట్టునకు చీటీలలో భాగ మెక్కువ. బలహీనుని లేవనెత్తుటకు చేసిన యేర్పా టిది, మంచిదే. కాని ఆ యేట కానర్ మెక్‌డేవిడ్ అను అసాధారణ బాలుడు రానుండగా, అడుగున నుండుటయే లాభమను లెక్క బయలుదేఱెను. జట్టు పెద్దలు అనుభవజ్ఞులను ముందే ఇతర జట్లకు ఇచ్చివేసియుండిరి. మార్చి 26వ తేదీన బఫెలోకును, దానితోపాటు అడుగున నున్న అరిజోనాకును ఆట జరిగెను. అదనపు కాలమున అరిజోనా గోలు కొట్టగా, బఫెలో మందిరములోనే బఫెలోవారు పలువురు హర్షధ్వానములు చేసిరి. తమ జట్టు ఓడినందుకు! మంచుపై చెమటోడ్చిన కుఱ్ఱవాండ్రు ఆ చప్పట్లు వినిరి.

నేను జీవితమంతయు బడిలో గడపినవాడను. పరీక్ష తప్పిన పిల్లవానిని తల్లి విడిచిపెట్టదు. కాని నీవు తప్పుటయే మేలు నాయనా యని చెప్పు తల్లిని నేను చూడలేదు. ఓటమిని సహించుట వేఱు, ఓటమిని కోరుట వేఱు. మొదటిది నిష్ఠ, రెండవది బేరము. బేరమునకు ఫలము కూడ చేకూఱలేదు. అడుగున నిలిచిన బఫెలోకు నూటికి 20 పాళ్ళు మాత్రమే అవకాశముండెను. చీటీ ఎడ్మంటనువారికి పడెను. బఫెలోకు రెండవవాడుగా జాక్ ఐకెల్ వచ్చెను. అతడును గట్టివాడే. కాని ఓడుట యలవాటైన యింట గట్టివాడు కూడ నిలువలేకపోయెను. 2021లో అతడు లాస్ వేగాసునకు పోయి, 2023లో అచ్చట కప్పు నెత్తెను. అంతకుముందే 2018లో వెడలిన రయన్ ఒరైలీ, 2019లో సెయింట్ లూయిస్ పక్షమున కప్పు గెలిచి, తుదిపోటీల కెల్ల మేటి యాటగాడను బహుమానమును పొందెను. 2021లో వెడలిన శామ్ రైన్‌హార్ట్, 2024లో ఫ్లోరిడాకు కప్పు తెచ్చిన గోలు కొట్టెను. మన పెరటి మొక్క పరుల తోటలో కాచినట్లు, అభిమాని యివన్నియు చూడవలసి వచ్చెను.

ఇంత జరిగినను అభిమానము తెగకుండుటకు కారణమేమి? రేడియో వినెడి మీకు సుబోధమగు కారణమొకటి చెప్పెదను. 1971 మొదలు 2022 వఱకు, తొలుత రేడియోలోను పిదప టెలివిజనులోను, రిక్ జెనరెట్ అను నతడు ఈ జట్టు ఆటలను వర్ణించి చెప్పెను. ఒక్క జట్టునకు అంతకాలము వ్యాఖ్యాతగా నుండినవాడు ఆ లీగున వేఱొకడు లేడు. 1993లో బ్రాడ్ మే యను ఆటగాడు బోస్టనును ఓడించిన గోలు కొట్టగా, ఇతడు "మే డే" యని కేకలు పెట్టెను. అవి ఆపదలో నున్న ఓడలు సహాయము కొఱకు పలుకు మాటలు. ఆటగాని పేరును అందు కలిసివచ్చినది. ఆ కేక నేటికిని ఆ యూర తండ్రులు బిడ్డలకు చెప్పుకొందురు. 2022 ఏప్రిలున అతని పేర పతాకము మందిరపు పైకప్పున కెత్తిరి. 2023 ఆగస్టున అతడు కాలధర్మము నొందెను. యాబదియేండ్లు వంటయింటను, కారులోను, ఆసుపత్రి మంచమువద్దను వినబడిన ఆ కంఠము ఒక్కసారియు కప్పు గెలిచిన వార్త చెప్పలేదు. అయినను అది వారి యింటి కంఠము. కావున వారు ప్రేమించినది గెలుపును కాదు. కలిసి వినిన రాత్రులను.

అట్లని యజమానులు ఈ విశ్వాసమును దున్నుకొను పొలముగా నెంచరాదు. విడువనివాడు ప్రశ్నింపనివాడు కాడు. 2021-22లో మందిరమున పెక్కు పీటలు ఖాళీగా నుండెను. అదియు అభిమానులు పలికిన మాటయే. తిట్టుట తెగుట కాదు. కోపగించువాడు ఇంకను ఇంటివాడే, ఊరకున్నవాడే పరాయివాడు. నిజమైన పక్షపాతి మూడు పనులు చేయును: ఓడినను కూర్చుండును, ఓటమిని కోరడు, ఓటమికి కారకులైన వారిని మొగమెదుట నిలదీయును. ఇందులో ఒక్కటి లోపించినను అది మూఢత్వమో, వ్యాపారమో యగును.

కాబట్టి, ఇతనికి లాభమేమి యని యడిగినచో, కప్పు మాటకు వచ్చినపుడు ఏమియు లేదనియే చెప్పవలెను. కాని సగము మంది వెడలిపోయిన యూరిలో, తాతయు మనుమడును ఒక్క పీటవరుసను కూర్చుండి, ఒక్కమాట యనుకొనుటకు ఒక కారణము మిగిలినది. అట్టి కారణములు తఱుగుచున్న కాలమిది. ఉన్నవానిని కాపాడుకొనువారిని చూచి మనము నవ్వరాదు.