మీకు తెలుసా? ఒకే ఆర్కెస్ట్రా, 50 ఏళ్లు!

రష్యన్ కండక్టర్ యెవ్గెనీ మ్రావిన్‌స్కీ 1938 నుంచి 1988లో కన్నుమూసే దాకా, అరశతాబ్దం పాటు ఒకే ఆర్కెస్ట్రాను నడిపించారు. అదే లెనిన్‌గ్రాడ్ ఫిల్‌హార్మోనిక్.

• 1903లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో (తర్వాతి లెనిన్‌గ్రాడ్‌లో) పుట్టిన మ్రావిన్‌స్కీ విశ్వవిద్యాలయంలో చేరింది జీవశాస్త్రం చదవడానికి! ఆ చదువు మానేసి సంగీతం వైపు మళ్లారు. 1938లో అఖిల సోవియట్ కండక్టర్ల పోటీలో మొదటి బహుమతి గెలిచారు. ఆ ఏడాదే ఫిల్‌హార్మోనిక్ పగ్గాలు ఆయన చేతికొచ్చాయి.

• సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్ 5వ సింఫనీని 1937 నవంబర్ 21న లెనిన్‌గ్రాడ్‌లో లోకానికి తొలిసారి వినిపించింది ఆయనే. 6, 8, 9, 10వ సింఫనీల తొలి ప్రదర్శనలకూ ఆయనే సారథి. వీటిలో 8వదాన్ని షోస్టకోవిచ్ ఆయనకే అంకితమిచ్చారు.

• రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ఆర్కెస్ట్రాను సైబీరియాలోని నోవోసిబిర్స్క్‌కు తరలించారు. అక్కడా కచేరీలు ఆగలేదు.

• రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ చివరి మూడు సింఫనీలను (4, 5, 6) మ్రావిన్‌స్కీ 1960లో ఈ బృందంతో డాయిచె గ్రామోఫోన్ సంస్థకు రికార్డు చేశారు. ఆ సింఫనీలు వినాలనుకునేవారు తప్పక వినాల్సిన రికార్డులివి.